ఇంగ్లీషు రాని టీచర్‌ని తయారు చేయడం

చందానగర్‌లో మా అపార్ట్‌మెంట్ లిఫ్టులో కొత్తవాళ్లెవరైనా కలిస్తే, "మీరు ఏం చేసేవారండీ?" అని అడుగుతారు. "టీచర్లకి పాఠం చెప్పేదాన్ని" అంటాను. కళ్లు పెద్దవవుతాయి. "ఏ సబ్జెక్టు?" అంటారు. "తెలుగు" అంటాను. లిఫ్టు ఏ అంతస్తులో ఉన్నా సరే, అక్కడితో వాళ్ల అంతస్తు వచ్చేస్తుంది.

ముప్పై నాలుగేళ్లు చేశాను ఈ పని. మొదటి పన్నెండేళ్లు తెలుగు పండితురాలిగా, తర్వాతి పదహారు ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో, పింఛను మొదలయ్యాక మరో ఆరు ఈ ఐటీ కారిడార్ బడుల్లో. కూడితే సరిపోయిందో లేదో చూసుకోండి. నా దగ్గర శిక్షణ పొందినవాళ్లకి ఆ అలవాటు ఉండాలి.

బీఎడ్ ముగించి, తెలుగును రెండో భాషగా చెప్పే ఉద్యోగాల్లో చేరుతున్న అమ్మాయిలూ అబ్బాయిలూ అప్పుడప్పుడూ ఫోన్ చేసి "టిప్స్ చెప్పండి మేడమ్" అంటారు. టిప్స్ హోటల్లో ఇస్తారు. నా దగ్గరున్నవి నాలుగైదు సంగతులు. వాటిలో ఒకటి స్వరూప సంగతి. మిగిలినవి దాని దగ్గరికి తీసుకెళ్లటానికే చెబుతున్నాను.

ఋషి, ఐరావతం, ఔషధం

బడులన్నిటిలో తెలుగు తప్పనిసరి అయ్యాక ఇటు మియాపూర్ నుంచి అటు గచ్చిబౌలి దాకా ఉన్న పెద్ద బడులకు హఠాత్తుగా మాతృభాష మీద ప్రేమ పుట్టింది. ఒక్కో తరగతిలో పుణె పిల్ల, లక్నో పిల్లాడు, చెన్నై కవలలు, మధ్యలో అచ్చ తెలుగు ఇంటి పిల్లలు. ఈ చివరివాళ్లతోనే ఎక్కువ కష్టం. మిగతావాళ్లకి తెలుగు రాదు, అంతే. వీళ్లకి తెలుగు అనేది అమ్మమ్మకి వచ్చే ఒక వ్యవహారం. ఇంటిపని కూడా ఆవిడే చేసిపెడుతుంది. ఈ ఆరేళ్లలో నేను చూసిన చక్కటి గుండ్రటి చేతిరాతల్లో సగం అమ్మమ్మలవి. వాళ్లకి తెలుగు బాగా వచ్చిందని నేను ధైర్యంగా చెప్పగలను.

ఇన్ని రకాల పిల్లలకి తెలుగు ఎలా చెప్పాలి? బడులు ఆలోచించి ఒక చార్టు కొన్నాయి. అ అంటే అమ్మ దగ్గర బయలుదేరి, ఋ అంటే ఋషి, ఐ అంటే ఐరావతం, ఔ అంటే ఔషధం. జూన్‌లో మొదలుపెడితే దసరా సెలవులకి అచ్చులూ హల్లులూ అయ్యేవి. దసరా నాటికి ఒక పిల్ల తెలుగులో ఒక మాట మాట్లాడాలంటే, ఋషి ఐరావతమెక్కి వచ్చి ఔషధం అడగాలి. అది నల్లగండ్ల చౌరస్తాలో తరచుగా జరగదు.

ఇలాంటి తరగతి ఒకదాంట్లో వెనక బెంచీలో కూర్చుని లెక్క పెట్టాను. ఇది నా పాత అలవాటు: టీచర్ మాట్లాడిన వాక్యానికి ఒక గీత, పిల్లలు మాట్లాడిన వాక్యానికి ఒక గీత. పీరియడ్ ముగిసేసరికి టీచర్‌వి రెండువందల పైచిలుకు. పిల్లలందరివీ కలిపి పదకొండు. ఆ పదకొండులో తొమ్మిది "యెస్ మేడమ్". మిగిలిన రెండూ "మే ఐ గో టు వాష్‌రూమ్". టీచర్‌వైనా తెలుగు వాక్యాలా అంటే, అదీ లేదు. "ఓపెన్ యువర్ టెక్స్ట్‌బుక్స్. చిలుక మీన్స్ ప్యారట్. రైట్ ఇట్ ఫైవ్ టైమ్స్." ఆవిడది తెలుగులో పీహెచ్‌డీ.

నలభైమంది పండితులూ ఒక ఫ్లాస్కూ

కాలేజీలో నా పై అధికారి ఒకాయన ఉండేవారు. మంచి వక్త. 'తరగతి గదిలో ఉపన్యాస పద్ధతి వల్ల కలిగే అనర్థాలు' అన్న అంశం మీద మూడు రోజులు ఏకధాటిగా ఉపన్యసించగలరు. నలభైమంది తెలుగు పండితులు ఒళ్లో ఇనామిచ్చిన సంచీ, ప్యాడూ పెట్టుకుని, మూడు రోజులూ వినేవారు. ఒక్కరి చేతా ఒక్క మాట మాట్లాడించేవారు కాదు. "సార్, వాళ్ల చేత కూడా ఏమైనా చేయిస్తే?" అని అడిగాను. "టైమ్ ఎక్కడుందమ్మా? అనర్థాలు ఇంకా తొమ్మిది మిగిలున్నాయి" అన్నారు.

ఆయన మీటింగుకి వెళ్లిన ఒక మధ్యాహ్నం ఆ నలభైమందీ నా చేతికి దొరికారు. మా వీధిలో కటక్ నుంచి కొత్తగా కాపురానికొచ్చిన ఒకావిడ ఉండేది. తెలుగు ముక్క రాదు. ఆవిణ్ణి బతిమాలి తీసుకొచ్చి, "ఈ నలభైమంది పెద్దమనుషులకీ గంటసేపు ఒడియా చెప్పమ్మా" అని సైగలతోనే అడిగాను. మొదటి పావుగంటలో ఒక పండితుడికి తలనొప్పి వచ్చింది. ఇంకొకాయన పక్కాయన కాగితంలోకి తొంగిచూశారు. వెనక వరసలో ఇద్దరు కిటికీలోంచి కాకిని చూపించుకుని నవ్వుకున్నారు. అందరూ యాభై దాటినవాళ్లు. మూడో తరగతి పిల్లలు చేసే పనుల్లో ఒక్కటీ వదల్లేదు.

అప్పుడు టీ ఫ్లాస్కు తెచ్చి ఆవిడ పక్కన పెట్టాను. ఒడియాలో అడిగినవాళ్లకే పోయమని సైగలతో చెప్పాను. పది నిమిషాల్లో నలభైమందిలో ముప్పై ఎనిమిది మంది టీ తాగారు. మిగిలిన ఇద్దరూ తమకి షుగర్ ఉందన్నారు. టీ తాగినవాళ్లలో ఒకాయన పంచదార తక్కువైందని కూడా ఒడియాలోనే ఫిర్యాదు చేశారు.

నా పై అధికారి తిరిగొచ్చి సంగతి విని, "మనది తెలుగు శిక్షణ కదమ్మా, ఒడియా ఎందుకు?" అన్నారు. ఇప్పటికీ నేను దానికి జవాబు ఆలోచిస్తున్నాను.

నాకు మాత్రం ఆ రోజు ఒక్క సంగతి అర్థమైంది. ఆవిడకి తెలుగు వచ్చి ఉంటే ఒక్కరూ ఒడియా నేర్చుకునేవారు కాదు. కావలసిన వస్తువు ఎదుటి మనిషి దగ్గరుండాలి. ఆ మనిషికి మన భాష రాకూడదు. అప్పుడు నోరు దానంతటదే తెరుచుకుంటుంది. అప్పట్నుంచీ నా శిక్షణలో మొదటి నియమం ఇదే: తెలుగు టీచర్‌కి తరగతిలో ఇంగ్లీషు రాకూడదు. హిందీ కూడా రాకూడదు. వచ్చినా రానట్టుండాలి.

ఈ నియమం చెప్పగానే అందరూ నవ్వుతారు, రాసుకుంటారు, వారంలో మానేస్తారు. ఆ లెక్క నాకు తెలుసు. స్వరూప ఆ లెక్కలో పడలేదు.

పిల్లలు కనిపించినంతసేపు

నల్లగండ్లలో ఒక బడి. పేరు ఎందుకు, అద్దాల భవనం అంటే చాలు, ఆ చుట్టుపక్కల అన్నీ అవే. ప్రతి మలుపులో 'స్పీక్ ఇంగ్లిష్ ఓన్లీ' అని బోర్డు. మంచినీళ్ల ఫిల్టర్ మీద కూడా. డైరెక్టర్ గారు సాఫ్ట్‌వేర్‌లోంచి విద్యలోకి వచ్చిన యువకుడు. ప్రిన్సిపాల్ వసుంధర గారు భీమవరం వైపు మనిషి, మంచావిడ. ఆవిడకి లోకంలో భయాలు రెండే: డైరెక్టర్ గారు, తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపు.

ఆ జూన్‌లో అక్కడి తెలుగు టీచర్లు ఐదుగురికి శిక్షణ ఇచ్చాను. స్వరూప వాళ్లందరిలోకీ చిన్నది. శంకర్‌పల్లి దగ్గర పల్లెటూరు. రోజూ రైల్లో లింగంపల్లి వచ్చి, అక్కణ్నుంచి ఆటో. ఎమ్మే తెలుగు, బీఎడ్. డిగ్రీ ఇంగ్లీషు మీడియం కావటంతో ఇంగ్లీషు నాకంటే ధారాళంగా మాట్లాడుతుంది. ఉద్యోగం మాత్రం ఏడాది ప్రొబేషన్. మార్చిలో ఉంచుతారో పంపుతారో తేలుస్తారు. ఉంచితే తన కూతురు శ్రీజకి ఒకటో తరగతిలో స్టాఫ్ సీటు వస్తుంది. ఈ సంగతి నాకు మొదటిరోజే చెప్పింది.

"గీడ పర్మనెంట్ అయితే మా పాప నా ఎంబడే వస్తది మేడం. ఊర్ల బడికి ఇద్దరే టీచర్లు. ఒకాయన ఎప్పుడు ఎలక్షన్ డ్యూటీలనే ఉంటడు."

నా నియమం విని మిగతా నలుగురూ అలవాటు ప్రకారం నవ్వారు. స్వరూప నవ్వలేదు. "ఎంతసేపు ఇంగ్లీషు రాకుండ ఉండాలె మేడం?" అని అడిగింది.

"పిల్లలు కనిపించినంతసేపు" అన్నాను.

ఆదేశాలిచ్చేటప్పుడు, వినేవాళ్లలో ఒక్కరైనా వాటిని నిజంగా పాటించే ప్రమాదం ఉందని మనం గుర్తుపెట్టుకోవాలి. నా శిక్షణలో అంతకుముందు అలాంటి ప్రమాదం జరగలేదు.

స్వరూపకిచ్చింది మూడో తరగతి. మొదటిరోజే పిల్లలకి తెలిసిపోయింది, ఈ టీచర్‌కి పాపం తెలుగు తప్ప ఏమీ రాదని. ఆ 'పాపం'తోనే పని మొదలైంది. బడిలో రోజూ ఆఫీసు నుంచి ఇంగ్లీషులో ఒక సర్క్యులర్ వస్తుంది. మిగతా టీచర్లు చదివి సంతకం పెట్టి పంపిస్తారు. స్వరూప దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి, తల గోక్కుని, "గీ కాయితంల ఏం రాసిండ్రో జర చెప్పుండ్రి బిడ్డా, నాకు పరేషాన్ అయితున్నది" అనేది. ఇది నేను నేర్పింది కాదు, ఆమె సొంతం.

సెప్టెంబర్‌లో నేను వెళ్లి వెనక కూర్చున్నరోజు సర్క్యులర్ బస్సుల గురించి. పుణె నుంచి వచ్చిన కుటుంబం పిల్ల ఒకతె ఉంది, ఈషా. మే నెల దాకా తెలుగు చెవినపడని పిల్ల. కాగితం పట్టుకుని నిలబడింది.

"టీచర్, రేపు బస్సు... లేట్ వస్తది."

"ఏ బస్సు? నీదా, నాదా?"

"అన్ని బస్సులు!"

"నేను రైల్ల గద వచ్చేది. నాకేం ఫికర్?"

"కాదు టీచర్! మేం లేట్ వస్తం. మీరు ఒక్కరే ఉంటరు క్లాస్‌ల!"

"అయ్యో! ఒక్కదాన్నేం జెయ్యాలె మరి?"

ఇక ఇరవై ఎనిమిది మందీ లేచారు. ఒక్కదానివే ఏం చెయ్యాలో చెప్పటానికి ఒకరి మీద ఒకరు పడ్డారు. నిద్రపొమ్మని ఒకడు, టిఫిన్ తినమని ఒకతె, హోంవర్క్ చింపెయ్యమని చెన్నై కవలలు. నేను గీతలు గీస్తూ పోయాను. పీరియడ్ చివర కూడితే పిల్లల గీతలు టీచర్ గీతల కంటే ఎక్కువ. ముప్పై రెండేళ్ల ఉద్యోగంలో అది మొదటిసారి. కూడింది తప్పేమోనని రెండుసార్లు చూసుకున్నాను.

నోటుపుస్తకాలు మాత్రం దాదాపు ఖాళీ. ముందు మాట, తర్వాతే రాత అన్నది నా రెండో నియమం. ఎర్రసిరా లేని నోటుపుస్తకం ఈ కారిడార్‌లో ఎంత పెద్ద నేరమో మీకు ఉద్యోగంలో చేరాక తెలుస్తుంది.

ఇద్దరు తెలుగు ఆడవాళ్లు, ఒక దుబాసీ

అక్టోబర్‌లో తల్లిదండ్రుల సమావేశం. తల్లిదండ్రులు పిల్లల్ని వెంటబెట్టుకు వస్తారు. అంటే పిల్లలు కనిపిస్తారు. అంటే స్వరూపకి ఇంగ్లీషు రాదు.

ఆరవ్ అని ఒక పిల్లాడు. వాళ్లమ్మ విజయవాడ మనిషి, ఏదో పెద్ద కంపెనీలో పెద్ద ఉద్యోగం. ఆవిడ ఇంగ్లీషులో అడిగింది, వీడి ప్రోగ్రెస్ ఏంటని. స్వరూప నవ్వి తెలుగులో జవాబిచ్చింది. ఆవిడ మళ్లీ ఇంగ్లీషులోనే అడిగింది. ఈమె మళ్లీ తెలుగులోనే చెప్పింది. ఇద్దరిదీ తెలుగే. ఒకామె ఇంగ్లీషు రానట్టుంది, ఒకావిడ తెలుగు రానట్టుంది. మధ్యలో ఎనిమిదేళ్లవాడు తల అటూ ఇటూ తిప్పుతూ దుబాసీ పని చేశాడు. పక్క టేబుల్ దగ్గరున్న నేను ఈ దృశ్యాన్ని కళ్లారా చూశాను. పూర్వం నవాబుల దగ్గరికి దొరలు వస్తే ఇలాగే జరిగేదేమో.

సాయంత్రానికల్లా వాట్సాప్ గ్రూపు వేడెక్కింది. ఇంగ్లీషు రాని టీచర్‌ని పెట్టుకున్నారు, ఇదేం బడి? నోటుపుస్తకంలో ఏమీ లేదు, ఇదేం చదువు? గుంటూరు నుంచి వచ్చిన ఒక తండ్రి వేరే రకం బాధతో నన్నే పట్టుకున్నారు.

"మావాడు ఇంట్లో 'ఏంది, గిట్ల' అంటున్నాడండీ."

"అంతకుముందు ఏమనేవాడండీ?"

ఆయన ఆలోచించారు. "ఏమీ అనేవాడు కాదండీ."

"అయితే లాభమే కదండీ."

నా చెవి తెనాలి చెవి. మొదట్లో నాకూ ఈ మాటలు కొత్తే. ఒక్కటి మాత్రం చెబుతాను. పిల్లాడు ఆటోవాడితో, వాచ్‌మన్‌తో, పక్కింటి పిల్లతో మాట్లాడాల్సింది ఈ ఊళ్లో. ఈ ఊరి మాట వాడి నోట్లో పలికితే మీ గుంటూరు ఎక్కడికీ పోదు, అక్కడే ఉంటుంది.

మర్నాడు పొద్దున్నే వసుంధర గారి ఫోన్.

"మేడమ్, మీ స్వరూపకి ఇంగ్లీషు రాదటండీ!"

"మీరేగా ఇంటర్వ్యూ చేశారు. రాదా?"

"ఎందుకు రాదండీ, గడగడా మాట్లాడింది."

"మరి?"

"గ్రూపులో రాదంటున్నారండీ."

ఇదీ పరిస్థితి. వసుంధర గారు తన చెవులతో విన్నదానికంటే గ్రూపులో చదివినదాన్నే నమ్మారు. డైరెక్టర్ గారి తీర్పు కూడా ఆ ఫోన్‌లోనే తెలిసింది. నవంబర్ చివరి శనివారం ఓపెన్ హౌస్. టీచర్లందరూ స్టేజీ ఎక్కి ఇంగ్లీషులో రెండేసి నిమిషాలు తమ గురించి చెప్పుకోవాలి. స్వరూప చెబితే సరి. చెప్పకపోతే మార్చి దాకా ఆగక్కర్లేదు, డిసెంబర్‌తో ఆఖరు.

"పిల్లలు లేకుండా పెట్టండి ఆ కార్యక్రమం. మొత్తం భగవద్గీత ఇంగ్లీషులో చెబుతుంది" అన్నాను.

"పిల్లలు లేకుండా ఓపెన్ హౌసా! పేరెంట్స్ వీడియో ఎవరిని తీస్తారండీ?"

డైరెక్టర్ గారి దగ్గరికీ వెళ్లాను. గదిలో ఏసీ, గోడ మీద 'డ్రీమ్' అని ఒక పోస్టర్. అంత మర్యాదగా నన్నెవరూ ఎప్పుడూ కాదనలేదు.

"వీ లవ్ తెలుగు, మేడమ్. బట్ పర్సెప్షన్ ముఖ్యం కదా. జస్ట్ టూ లైన్స్ మాట్లాడమనండి."

"ఆ రెండు లైన్లతో ఆర్నెల్ల పని పోతుంది బాబూ. టీచర్‌కి ఇంగ్లీషు వచ్చని తెలిస్తే పిల్లలు మళ్లీ తెలుగులో నోరెత్తరు."

"పిల్లలు అంత ఆలోచిస్తారా మేడమ్?"

"ఒక్కసారి వచ్చి క్లాసులో కూర్చోండి."

ఆయన ఫోన్‌లో క్యాలెండర్ తెరిచి, వేలితో నెలల్ని పక్కకి తోసుకుంటూ పోయారు. ఏప్రిల్ దాకా చూశాక, "కొంచెం టైట్‌గా ఉంది" అన్నారు.

లింగంపల్లి స్టేషన్ బయట చాయ్ బండి దగ్గర స్వరూపకి అంతా చెప్పాను. నేనేమీ ఆదర్శాలు వల్లించలేదు. రెండు నిమిషాలు మాట్లాడి ఉద్యోగం నిలబెట్టుకోమన్నాను. ఆమె చాయ్ గ్లాసు బండి మీద పెట్టేసింది.

"మాట్లాడిన్ననుకో మేడం. సోమవారం పొద్దుగాల పోరలు నాతోటి తెలుగు మాట్లాడ్తరా?"

"మాట్లాడరు."

"మరి గప్పుడు నేను గా క్లాసుల ఏం జెయ్యాలె?"

"మిగతావాళ్లు చేసేదే. చిలుక మీన్స్ ప్యారట్."

నవ్వింది కానీ ఎక్కువసేపు కాదు. "శ్రీజకు యూనిఫాం గూడ చూపెట్టిన మేడం, షాపుల. గదే కావాలంటది" అంది. తర్వాత ఆమె రైలు వచ్చింది. ఏం చేస్తుందో చెప్పకుండా ఎక్కింది. నేనూ అడగలేదు. సీటు పోయేది ఆమె కూతురికి. నాకు పోయేది ఒక నియమం.

ఓపెన్ హౌస్

హాలు నిండింది. మూడో తరగతి పిల్లలు తర్వాత పాట పాడాలి కనుక వాళ్లని స్టేజీ ముందే చాపల మీద కూర్చోబెట్టారు. టీచర్లు ఒక్కొక్కరే మైకు దగ్గరికొచ్చి, తమకి బోధన అంటే ప్యాషన్ అని చెప్పారు. పదకొండు మంది వచ్చారు, పదకొండు ప్యాషన్‌లు. పదో ఆవిడకి ఆ మాట గుర్తురాక చేతిలో కాగితం చూసుకుంది.

పన్నెండో మనిషి స్వరూప. డైరెక్టర్ గారు తనే మైకందుకుని, ఇంగ్లీషులో, "ప్లీజ్ టెల్ అస్ సమ్‌థింగ్ అబౌట్ యువర్‌సెల్ఫ్" అన్నారు.

స్వరూప ముందుకి చూసింది. చాపల మీంచి ఇరవై ఎనిమిది మొహాలు పైకి చూస్తున్నాయి. ఆమె నోరు తెరిచింది, మూసింది. చీర కొంగు వేలికి చుట్టుకుంది. వాట్సాప్ గ్రూపు మొత్తం ఫోన్లెత్తి పట్టుకుని ఉంది.

"మేడమ్? ఇన్ ఇంగ్లిష్, ప్లీజ్" అన్నారాయన మళ్లీ.

చాపల మీంచి ఈషా లేచి నిలబడింది. "సర్, మా టీచర్‌కి ఇంగ్లీష్ రాదు. నేను చెప్తా."

అని మెట్లెక్కి వచ్చేసింది. పిల్లని ఆపాలో వద్దో వసుంధర గారికి అర్థం కాలేదు. ఆవిడ డైరెక్టర్ గారి వైపు చూశారు. ఆయన తల్లిదండ్రుల వైపు చూశారు. తల్లిదండ్రులు వీడియో తీస్తున్నారు. కనుక ఎవరూ ఆపలేదు.

"టీచర్, మీ గురించి చెప్పుండ్రి అంటున్నరు సర్."

స్వరూప గొంతు సవరించుకుంది. "నా పేరు స్వరూప. మాది శంకర్‌పల్లి దగ్గర ఊరు. రోజు రైల్ల వస్త."

ఈషా మైకులో ఇంగ్లీషు చేసి చెప్పింది. కింద నుంచి ఆరవ్ అరిచాడు: "రైలుల సీటు దొరకదు అని చెప్పలే నువ్వు!" ఇంకొకతె: "టీచర్‌కి పాప ఉన్నది, శ్రీజ! గది కూడ చెప్పు!" చెన్నై కవలల్లో ఒకడు: "టీచర్‌కి కాకరకాయ ఇష్టం లేదు!" ఎవరూ ఇంగ్లీషులో అరవలేదు. టీచర్‌కి అర్థం కాదు కదా మరి. స్వరూప చెప్పింది మూడు వాక్యాలు. పిల్లలు ఆమె జీవితచరిత్ర మొత్తం పూర్తి చేశారు.

అప్పుడు మూడో వరసలోంచి ఆరవ్ తల్లి లేచింది. ఇంగ్లీషులోనే, కాస్త కటువుగానే, నోటుపుస్తకం ఎందుకు ఖాళీగా ఉందని అడిగింది. ఈషా నోరు తెరిచేలోగా ఆరవ్ లేచాడు, అది వాళ్లమ్మ కనుక.

"టీచర్, మా అమ్మ అడుగుతున్నది, నోట్‌బుక్‌ల ఏం లేదు ఎందుకు అని."

"నువ్వే చెప్పు బిడ్డా, మీ అమ్మకు. నీకెర్కే గద."

వాడు వెనక్కి తిరిగాడు. టీచర్‌తో మాట్లాడుతున్న ఊపులో తల్లితోనూ తెలుగే వచ్చేసింది. "మేం మాట్లాడుతున్నం కదమ్మా. రాసుడు తర్వాత. ముందుగాల మాట్లాడాలె."

"మరి ఇంట్లో ఒక్కసారి కూడా మాట్లాడవేంట్రా?" అంది ఆవిడ.

"నువ్వు మాట్లాడవు కదా."

హాల్లో ఎవరో నవ్వారు. ఆవిడ నవ్వలేదు. తను తెలుగులో మాట్లాడానన్న సంగతి ఆవిడకి కూర్చున్నాక తట్టిందనుకుంటాను. ఫోన్ ఒళ్లో పెట్టుకుని, దాన్ని చూడకుండా కొడుకునే చూస్తూ ఉండిపోయింది. ఆవిడని ఎగతాళి చేద్దామనే ఈ పేరా మొదలుపెట్టాను. కుదరలేదు.

ఆ తర్వాత మర్యాదలు

చప్పట్లు మొదట వెనక వరసల్లో పుట్టాయి. అవి ముందు వరసకి చేరాక డైరెక్టర్ గారు మైకు తీసుకుని, "దిస్ ఈజ్ ఎగ్జాక్ట్‌లీ అవర్ విజన్" అన్నారు. ఆ విజన్ ఆయనకి రెండు నిమిషాల క్రితమే కలిగింది కాబట్టి ఇంకా వేడిగానే ఉంది.

జనవరిలో సర్క్యులర్ వచ్చింది. ఇకమీదట తెలుగు టీచర్లెవరికీ ఇంగ్లీషు రాకూడదు. అందరూ ఒక బ్యాడ్జీ పెట్టుకోవాలి. బ్యాడ్జీ మీద 'నాకు ఇంగ్లీషు రాదు' అన్న ముక్క ఇంగ్లీషులో అచ్చువేశారు. మిగతా నలుగురు టీచర్లూ దాన్ని పెట్టుకుని, "ఓపెన్ యువర్ టెక్స్ట్‌బుక్స్" అంటూ క్లాసుకి వెళ్లారు. బ్యాడ్జీలు అచ్చువేస్తే పని జరిగిపోతుందనుకునేవాళ్ల దగ్గర మీరు చాలాసార్లు పనిచేస్తారు. అలవాటు చేసుకోండి. మీ పని మీరు తలుపు వేసుకుని చెయ్యండి.

మార్చిలో స్వరూప ఉద్యోగం ఖాయమైంది. ఒక షరతుతో: బడి ఖర్చుతో స్పోకెన్ ఇంగ్లీషు కోర్సు పూర్తి చెయ్యాలి. గ్రూపుకి మాటిచ్చారట. శనివారాలు వెళ్లి, వెనక కూర్చుని, పరీక్షలో మొదటి స్థానంలో నిలిచింది. సర్టిఫికెట్ స్టేజీ మీద ఇస్తామన్నారు. వద్దని బతిమాలి, ప్రిన్సిపాల్ గదిలో తలుపులు వేయించి తీసుకుంది.

జూన్‌లో శ్రీజ ఒకటో తరగతిలో చేరింది. దాని చేయి పట్టుకుని స్వరూప గేటు దాటి వస్తుంటే చూశాను. యూనిఫాం రెండు సైజులు పెద్దది.

ఆ రోజే వరండాలో ఈషా కనిపించింది. నాలుగో తరగతికి వెళ్లింది, కాస్త పొడుగైంది. పలకరించాను.

"ఏమ్మా, మీ స్వరూప టీచర్‌కి ఇంకా ఇంగ్లీషు రాలేదా?"

ఆ పిల్ల అటూ ఇటూ చూసింది. నా చీర కొంగు పట్టుకుని కిందికి వంగమంది.

"వస్తది మేడం. మస్తు ఫాస్ట్ వస్తది. ఆటో స్టాండ్ కాడ ఫోన్‌ల మాట్లాడింది."

"ఎప్పుడు విన్నావు?"

"లాస్ట్ ఇయర్. వానలు పడినప్పుడు."

అంటే జూలై. అంటే నేను గీతలు గీసినరోజుకి ముందు, ఓపెన్ హౌస్‌కి చాలా ముందు.

"మరి స్టేజీ మీద అంతమందిలో రాదని ఎందుకు చెప్పావు?"

"టీచర్ ఎవ్వరికి చెప్పొద్దు అనుకుంటున్నది కదా మేడం. సర్ గట్ల అడిగితే ఆమె పరేషాన్ అయింది."

"మిగతా పిల్లలకి తెలుసా?"

"అందరికి ఎర్కే. నేనే చెప్పిన." నా కొంగు వదలకుండానే, "మీరు టీచర్‌కి చెప్పకండి. మాకు ఎర్కే అని తెలిస్తే ఇగ ఆమె మాతోని అడగది" అంది.

ఇవన్నీ ఆ పిల్ల తెలుగులోనే చెప్పింది. గుసగుసగా, మంచినీళ్ల ఫిల్టర్ పక్కన, 'స్పీక్ ఇంగ్లిష్ ఓన్లీ' బోర్డు కింద నిలబడి. నా నియమం వల్లే పిల్లలు తెలుగు నేర్చుకున్నారని ఏడాదిపాటు ఎక్కడ పడితే అక్కడ చెప్పుకుని తిరిగాను. నెల తిరక్కుండానే ఆ నియమం పిల్లల దగ్గర రద్దయిపోయింది. మిగతా ఎనిమిది నెలలూ ఏ నియమం నడిపిందో ఏ శిక్షణలోనూ చెప్పరు, నేనూ చెప్పలేదు. వాళ్లకి ఆ టీచర్‌తో మాట్లాడటం ఇష్టమైంది, అంతే. దీనికి చార్టు లేదు.

స్వరూపకి నేను చెప్పలేదు. కానీ ఇది అచ్చయితే ఆమె చదువుతుంది, నేను రాసినవన్నీ చదువుతుంది. కాబట్టి ఆఖరి శిక్షణ ఇక్కడే ఇచ్చేస్తున్నాను. స్వరూపా, చదివాక కూడా నీకేమీ తెలియనట్టే ఉండు. పిల్లలు కనిపించినంతసేపు.